ఆదివారం మద్దేనం ఏటి సేత్తారు?

వంటింట్లోంచి అల్లం టీ వాసన వస్తోంది. మా ఆయన పెడుతున్నారు. ఇందాక ఆయన తెచ్చిచ్చిన కప్పు నా పక్కనే చల్లారి, పైన మీగడ కట్టింది. నేను పొద్దున్నుంచి ల్యాప్‌టాప్ ముందే ఉన్నాను. పెళ్లయ్యాక మేమిద్దరమే వెళ్తున్న మొదటి ప్రయాణం, బ్యాంకాక్‌కి, నాలుగు రోజులు. "నీతో తీరిగ్గా మాటాడి ఎన్నాళ్లయిందో" అని ఆయనే అడిగి పెట్టించుకున్న ప్రయాణం. నేనేమో గుడి, పడవ షికారు, మార్కెట్, మళ్లీ ఇంకో మార్కెట్ అంటూ నింపేస్తున్నాను. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే నా ప్రాణం ఊరుకోదు. ఆ అల్లం వాసనకి ఎస్తేరమ్మ గారు గుర్తొచ్చారు.

మద్దిలపాలెంలో బస్సుల మోత మధ్య ఆవిడకో చిన్న ట్రావెల్ ఆఫీసు ఉండేది. నాకు పని నేర్పింది ఆవిడే. రోజంతా అల్లం టీ మరుగుతూనే ఉండేది. నేను కుర్చీలో నిలకడగా కూర్చోలేనని నన్ను 'కాలుగాలిన పిల్లి' అనేవారు. ఎవరొచ్చినా ముందు ఊరి పేరు అడిగేవారు కాదు. "ఆదివారం మద్దేనం ఇంటికాడ ఏటి సేత్తారు?" అని అడిగేవారు. మొదట్లో నాకు చచ్చేంత సిగ్గేసేది. వచ్చినవాళ్లు టికెట్లకొచ్చారా, సంబంధం మాట్లాడ్డానికొచ్చారా!

ఒకసారి స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే ఒకాయన భార్యతో వచ్చారు. సింగపూర్ వెళ్లాలట. "అన్నీ సూసెయ్యాలమ్మా, మళ్లీ ఎల్తామో ఎల్లమో" అన్నారు. మనవాళ్లందరిదీ అదే మాట. పెళ్లిభోజనంలో అన్నీ వడ్డించుకున్నట్టు ఊరంతా విస్తట్లో పడాలి. నేను హుషారుగా మొదలుపెట్టేలోపు ఎస్తేరమ్మ గారు తన ప్రశ్న వేశారు.

"ఏటి సేత్తామండీ, తొంగుంటాం" అన్నారాయన.

"ఆయన తొంగుంటారు. నాను డాబా మీద మొక్కలకాడుంటాను. అక్కడా ఉండనివ్వరు, మంచినీళ్లని ఒకరు, టీ అని ఒకరు" అంది ఆమె.

ఎస్తేరమ్మ గారు ప్యాకేజీ కాగితంలో ఒక రోజు మొత్తం కొట్టేసి అక్కడ పూలతోట అని ఒక్క ముక్క రాశారు. ఆయనకి గదిలో నిద్ర. డబ్బు దండగని ఆయన గొణిగారు. నాకూ అలాగే అనిపించింది. తిరిగొచ్చాక ఆమె ఒక్కతే ఆఫీసుకొచ్చింది. "సాయంత్రం దాకా చెట్టు కింద కూకున్నానమ్మా. ఒక్కరూ పిలవలేదు" అని చెబుతూ కళ్లు తుడుచుకుంది. మిగతా సింగపూర్ గురించి ఒక్క మాటా చెప్పలేదు.

ఎస్తేరమ్మ గారు మంచం పట్టాక చూడ్డానికి వెళ్లాను. అక్కడా నేను ఫోన్ వదల్లేదు, ఎవరిదో వీసా పని. కాసేపు నన్నే చూసి, "అందర్నీ అడిగాను గానీ నిన్నెప్పుడూ అడగనేదే. నువ్వేటి సేత్తావే, ఆదివారం మద్దేనం?" అన్నారు.

"ఇదే మేడమ్, జనాలకి ట్రిప్పులు ప్లాన్ చేస్తాను."

"అయితే నీకు మాత్రం నాను టికెట్ సెయ్యలేనే తల్లీ" అని నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. కొన్నాళ్లకే పోయారు.

మా ఆయన రెండు కప్పులతో వచ్చారు. చల్లారిన కప్పు తీసి, దాని చోట వేడిది పెట్టారు. అది అలవాటైన పనిలా ఉండడం చూసి నాకు భయమేసింది. "ఏవండీ, ఆదివారం మద్దేనం మనం ఏటి సేత్తాం?" అని అడిగాను.

"మనమా? నాను ఆటోనగర్ ఎల్లి మెకానిక్ షెడ్డు తీత్తాను. నువ్విక్కడ కూకుంటావ్."

ఇవాళ ఆదివారమే. షెడ్డు తియ్యలేదాయన. నేనే చూసుకోలేదు.

ల్యాప్‌టాప్ మూసేశాను. బాల్కనీలో కుర్చీల మీద పోర్టు నుంచి ఎగిరొచ్చిన నల్లటి బొగ్గుధూళి తుడిచి కూర్చున్నాం. టీ వేడిగా ఉంది. కాసేపటికే నా కాలు ఊగడం మొదలైంది, చెయ్యి ఫోన్ కోసం వెతుక్కుంది. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశారు. బ్యాంకాక్‌లో ఏం చెయ్యాలో అప్పుడు తెలిసింది, ఇలాగే ఊరికే కూర్చోవాలి. ముందది ఇక్కడ చేతకావాలి.