మా అత్త మెడ మీది నాలుగు చుక్కలు

ఇప్పుడు గోపన్‌పల్లి అంటే అపార్టుమెంట్లు, లిఫ్టులు, గేటు దగ్గర సెల్యూట్లు. ఆ రోజుల్లో గోపన్‌పల్లి అంటే బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటి నడుమ మేము. లింగంపల్లి స్టేషను దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి పట్నానికి రైలు. నిజాం రాజ్యం పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మా ఊరి మొత్తానికి పట్నం దవాఖానలో ఉద్యోగం వెలగబెడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ మామూలు ఉద్యోగం కాదు, సీనియర్ రేడియోగ్రాఫర్! (వయసు ఇరవై రెండు. నాకు పని నేర్పిన పెద్దమనిషి కుటుంబంతో కరాచీకి తరలిపోయాడు. మర్నాడు పొద్దున నేను సీనియర్‌ని. మరి జూనియర్ ఎవరని అడక్కండి, ఎవరూ లేరు.) నా చదువు ఉర్దూ బడిలో అయిదో జమాత్. ఆ పైన చదివిందంతా ఎక్స్‌రే మిషనుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, పక్కన అట్ట ఊడిన డిక్షనరీ. ఒక్కో పేజీకి వారం పట్టేది. అందుకే ఇవాళ ఎవరైనా "తాతగారూ, మీ టైంలో కూడా రేడియేషన్ ఉండేదా?" అని ఆశ్చర్యపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఉండేది నాయనా. నువ్వు లేవు, అంతే.

గడ్డల్ని కరిగించే మా మిషను కిరణం కంటికి కనపడదు. అది ఎక్కడ పడాలో తెలియడానికి రోగి చర్మం మీద, గడ్డకు నాలుగు మూలలా, ఊదారంగు మందుతో నాలుగు చుక్కలు పెట్టేవాళ్లం. ఆ నాలుగు చుక్కల మధ్య జాగాని 'కిటికీ' అనేవాణ్ణి. రోజుకొకసారి ఆ కిటికీలోంచే కిరణం లోపలికి పోవాలి. నాలుగు వారాలు పోయేసరికి గడ్డ కరిగి వేలికి అందదు. అప్పుడు చుక్కలు ఒక్కటే సాక్ష్యం. చుక్క ఒక వేలెడు జరిగిందా, గడ్డ అంచు లోపల మిగిలిపోతుంది. మిగిలింది మళ్లీ పెరుగుతుంది. రెండోసారి పెరిగింది ఎవరి మాటా వినదు.

ఆ ఏడు మా మేనత్తకు మెడ పక్కన గడ్డ లేచింది. (అమ్మ పోయిన నన్ను పెంచింది ఆవిడే. కాబట్టి ఇక్కణ్ణుంచి నేను చెప్పేదాంట్లో ఎక్కడైనా నవ్వొస్తే నవ్వండి గానీ, ఆ రోజుల్లో నాకు అన్నం సహించలేదని గుర్తుపెట్టుకోండి.) ఊళ్లోవాళ్లు రాచపుండని (కేన్సర్ అన్న మాట అప్పటికి మా ఊరికి రాలేదు) చెప్పి, చెప్పినందుకు చెంపలేసుకున్నారు. మా పెద్ద డాక్టరు చూసి, "ఇంకా చిన్నదే. మిషన్ కింద కరుగుతుంది. కానీ సరిగ్గా మొదటిసారే కరగాలి" అన్నాడు. ఆయన చూపించగా నేనే చుక్కలు పెట్టాను. మర్నాడు మొదలుపెట్టాలి. ఆ సాయంత్రమే మిషను బల్బు పోయింది. బొంబాయి నుంచి కొత్తది రావడానికి పదిహేను రోజులన్నారు.

అత్తను ఊరికి పంపిస్తూ దవాఖాన మెట్ల మీద నిలబెట్టి, సీనియర్ గొంతుతో చెప్పాను. "అత్తా, ఈ చుక్కలు పోవద్దు. నీళ్లు తగలనియ్యకు."

"పదిహేను దినాలు తానం చెయ్యకుంటె ఎట్లరా? బర్రె గూడ చెరువుల పడి లేస్తది."

"చుక్కలు పోతే పానం పోయినట్టే అనుకో!"

"అబ్బో, సీనియరు సాబు! నీ ముక్కు తుడిసిన చెయ్యిరా ఇది. నాకే హుకుమా?" అని బండెక్కి, కొంత దూరం పోయాక మాత్రం చెయ్యి మెడ మీద పెట్టుకుని వెనక్కి చూసింది.

పదిహేను రోజులకు వచ్చింది. నిగనిగలాడుతూ, తలంటుకుని. చుక్కలు పోయినట్టే అనుకున్నాను. బల్ల మీద కూర్చోబెట్టి కొంగు తియ్యమన్నాను. తీసింది. మెడ మీద ఊదాచుక్కలు లేవు. నాలుగు పచ్చ చుక్కలున్నాయి.

"ఏందిది?"

"పచ్చబొట్టు. ఊళ్లెకు పచ్చబొట్లామె వచ్చింది. నీ చుక్కల మీదనే పొడవమన్న. ఇగ సబ్బు పెట్టినా పోవు, ఫికర్ లేదు. మోచేతి మీద తేలు గూడ ఉత్తగనే ఏస్తనన్నది, నేనే వద్దన్న."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా ఇంగ్లీషు పుస్తకంలో ఏ పేజీలోనూ పచ్చబొట్టు లేదు. "నీ పచ్చబొట్లామె రేడియోగ్రాఫరా? సూది జరిగితే ఎవరు జవాబు?" అని అరిచాను.

"నువ్వు పచ్చబొట్లామెవా మరి? నీ చుక్కలు ఒక్క చెమటకే కారిపోవట్టె!"

ఇలా ఆవిడ నన్ను, నేను ఆవిడను తిట్టుకుంటూండగానే నోటుబుక్కు తీశాను. దవడ ఎముక నుంచి ఇంత, భుజం ఎముక నుంచి ఇంత అని మొదటిరోజు రాసుకున్న కొలతలున్నాయి. స్కేలు పెట్టి కొలిచి, మళ్లీ ఊదాచుక్కలు పెట్టాను. పచ్చ కిటికీ ఒకచోట, ఊదా కిటికీ దానికి వేలెడున్నర పైన! "చూశావా? చూశావా?" అన్నాను. గెలిచినందుకు నా మొహం వెలిగిపోయి ఉంటుంది.

అత్త గొంతు తగ్గింది. నాకు తెలిసి జీవితంలో మొదటిసారి. "మరి ఏది నిజమైందిరా కొడకా?" అంది, సన్నగా.

"నాదే" అన్నాను.

కొత్త బల్బు ఎలా వెలుగుతుందో చూద్దామని పెద్ద డాక్టరు అప్పుడే లోపలికి రాకపోతే, ఆ 'నాదే' అన్న మాట మీదే స్విచ్చి వేసేవాణ్ణి. ఆయన ఎనిమిది చుక్కలూ చూసి, "ఏమయ్యా సీనియర్, కిటికీలు రెండున్నాయేంటి?" అన్నాడు. సంగతి చెప్పాను, పచ్చబొట్లామె మీద నాలుగు మాటలు కలిపి. ఆయన నవ్వలేదు. "అమ్మా, మొదటిరోజు పడుకున్నట్టు పడుకో. ఆ గోడ దిక్కు మొహం తిప్పు" అన్నాడు. అత్త పడుకుని తిప్పింది. మెడ మీది చర్మం జరిగింది. పచ్చ చుక్కలు నాలుగూ వచ్చి గడ్డకు నాలుగు మూలలా బుద్ధిగా కూర్చున్నాయి. నా ఊదాచుక్కలు గడ్డ కింది సగాన్ని వదిలేసి చెవి వైపు ఎగబాకాయి.

"నువ్వు కొలిచినప్పుడు ఈమె మొహం ఎటుంది?"

నాకంటే ముందు అత్తే అందుకుంది. "వీని దిక్కే ఉండె సారూ. తిడుతున్న గద!"

డాక్టరు స్పిరిటు దూదిని నా చేతిలో పెట్టాడు. "మొదటి చుక్కలు ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"నీ చుక్కల్ని ఆమె నమ్మింది. నువ్వే నమ్మలేదు. తుడువు."

తుడిచాను. చేసేవాడు చల్లగా ఉండాలని, మొహం ఎటుందో ముందు చూడాలని ఆ పుస్తకంలోనూ ఉందేమో. ఆ పేజీకి నేను ఇంకా రాలేదు.

రోజూ పచ్చ చుక్కల మీదే మిషను దించాను. అత్త మెడ మాడిన రొట్టెలా నల్లబడింది. ఆ నెలంతా నన్ను, మిషన్ని, బొంబాయిని కలిపి తిట్టింది. గడ్డ కరిగింది. మళ్లీ రాలేదు. నా పెళ్లిలో పెత్తనం చేసి, నా పిల్లల ముక్కులు కూడా తుడిచింది. "సచ్చినంక నగలన్నీ ఊడదీస్తరు, పచ్చబొట్టు ఒక్కటే ఎంట వస్తది" అని వచ్చినవాళ్లందరికీ మెడ చూపించేది. చాలా ఏళ్ల తర్వాత పొరుగూరి నుంచి వచ్చి ఆఖరి స్నానం చేయించిన ఆడవాళ్లు, "గివేందిరా గిన్ని చుక్కలు" అని నన్నడిగారు. నావే అని చెప్పలేకపోయాను.

మొన్న నా వంతు వచ్చింది. ఎనభై దాటాక పొత్తికడుపులో ఏదో చిన్న గడ్డ పెత్తనం మొదలుపెట్టింది, భయపడేంతది కాదన్నారు. ఒకప్పుడు మా బండి పోయిన బండరాళ్ల దారిలోనే ఇప్పుడొక అద్దాల దవాఖాన ఉంది. నా మనవరాలి వయసు పిల్ల, అక్కడ సీనియరట, నన్ను బల్ల మీద పడుకోబెట్టి, "కదలకండి తాతగారూ. చిన్న సూది. మూడు టాటూ చుక్కలు పెడతాను, స్నానం చేసినా పోవు. ఫారిన్‌లో కనిపెట్టిన పద్ధతి" అంది.

ఫారిన్! నేను మోచేతి మీద లేచాను. "ఎవరమ్మా నీకు చెప్పింది? గోపన్‌పల్లిలో మా మేనత్త..." అని గొంతు పెంచానో లేదో, ఆ పిల్ల సూది పక్కన పెట్టి నిట్టూర్చింది.

"కదిలారు తాతగారూ. మళ్లీ మొదటినుంచి కొలవాలి."

నోరు మూసుకుని పడుకున్నాను. తను ఓపిగ్గా కొలిచింది. ముందు నా మొహం ఎటుందో చూసింది, తర్వాతే స్కేలు పెట్టింది. మంచి పిల్ల. సూది చురుక్కుమంది. "నొప్పిగా ఉందా?" అంది. లేదన్నాను. మోచేతి మీద తేలు కూడా వేస్తావా అని అడగాలనిపించింది గానీ, నవ్వొస్తే మళ్లీ కదులుతానని ఊరుకున్నాను.