మద్దిలేటి పిస్తోలు జేబు

మద్దిలేటి ఆరేళ్లుగా పిస్తోలు ఎంచుకుంటున్నాడు. కొన్నాడని కాదు, కొనబోతున్నాడని కూడా కాదు. ఎంచుకుంటున్నాడు. బీరువాలో దాచుకునేది కాదు, రోజూ ఒంటిమీద ఉండేది, చిన్నది, చొక్కా కింద పెట్టుకుంటే ఎవరి కంటా పడనిది. ఈ ఆరేళ్లలో వనపర్తిలో ఆయన తోటివాళ్లు ఇళ్లు కట్టారు, మోకాళ్లు మార్పించుకున్నారు, ఒకాయన రెండో పెళ్లి కూడా చేసుకున్నాడు. మద్దిలేటి మాత్రం పిస్తోలు మందం ఒక అంగుళం ఉండాలా, ముప్పావు ఉండాలా అన్న దగ్గరే ఆగిపోయాడు.

ఈ తతంగమంతా అందరికంటే ఎక్కువ అనుభవించింది మాలతి. ఆమెకు బస్టాండు వెనక సందులో టైలరింగ్ షాపు ఉంది. మద్దిలేటి ఆమెకు స్వయానా పెద్దనాయన. పిస్తోలు ఇంకా రాలేదు గాని, దానికి జేబులు మాత్రం ఆమె చేత పదిహేడు కుట్టించాడు. వాటిలో నడుము లోపల రెండు, చంక కింద మూడు, బనియనుకు ఒకటి, మడమ దగ్గర ఒకటి. మడమ దగ్గరిది తీసుకోవాలంటే కూర్చోవాలి, కూర్చుంటే లేవడానికి ఇంకొకరు కావాలి. ప్రాణం తీయడానికి వచ్చినవాడే చెయ్యి పట్టి లేపాలేమోనని మాలతి అడిగింది. ఆయన అది నిజంగానే ఆలోచించి, ఆ జేబు విప్పించేశాడు.

ఇంతకీ ఆయన ప్రాణం ఎవరికి కావాలి? పశువుల దవాఖానలో ముప్పై రెండేళ్లు కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. గట్టు, వీపనగండ్ల, తిమ్మాజిపేట, ఎక్కడ వేసినా ఎద్దుల వెనకే నిలబడి బతికాడు. ఆయన మీద పగబట్టేంత కారణం ఉన్నవి ఆ ఎద్దులే. అవి కూడా ఎప్పుడో పోయాయి. భార్య సుభద్రమ్మ ఈ మాటే అంటే, రోజులు బాగాలేవు అనేవాడు. ఏ రోజులు అని అడిగితే చెప్పేవాడు కాదు. ఫోనులో ఎవరో పిస్తోళ్ల గురించి చెప్పిన వీడియో ఒకటి చూశాడని, అప్పటినుంచే రోజులు పాడయ్యాయని సుభద్రమ్మ లెక్క.

మొదట్లో ఆయన హైదరాబాదులో ఆయుధాల దుకాణానికి వెళ్లేవాడు. మొదటిసారి కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు. లైసెన్సు ఏదని అడిగారు. ఏది కొనాలో తేలితే కదా లైసెన్సు తీసుకునేది అన్నాడు. లైసెన్సు లేనిదే చేతికి ఇవ్వం అన్నారు. అయితే అద్దంలోంచే చూస్తానన్నాడు. రెండోసారి కుర్చీ మాత్రమే వేశారు. మూడోసారి కుర్చీ కూడా లేదు. నాలుగోసారి దుకాణాదారు ఆయన్ని దూరంనుంచే చూసి, అద్దం మీద గుడ్డ కప్పాడట. ఈ సంగతి మద్దిలేటే వచ్చి చెప్పాడు, పైగా ఆ గుడ్డ కప్పిన తీరునుబట్టి లోపల కొత్త రకం వచ్చిందని తెలుసుకున్నానన్నాడు.

చేతికి ఇవ్వకపోతేనేం, కొలతలు ఉన్నాయి కదా. బట్టల సబ్బులు రెండు అంటించి, కత్తితో చెక్కి, త్రాసులో తూచి, సరిగ్గా పిస్తోలంత చేశాడు. రోజంతా నడుముకు పెట్టుకొని తిరిగితే ఎక్కడ గుచ్చుకుంటుందో, ఎక్కడ ఉబ్బుతుందో తెలుస్తుందట. ఆ సబ్బు పెట్టుకొనే గద్వాలలో ఒక పెళ్లికి బండి మీద బయలుదేరాడు. పెబ్బేరు దాటగానే వాన పట్టుకుంది. పెళ్లి పందిట్లోకి అడుగుపెట్టేసరికి కుడివైపు నడుము నుంచి మోకాలి దాకా తెల్లటి నురగ. ఎదురొచ్చిన పెళ్లికూతురి మేనత్త జోగులమ్మ పైనుంచి కిందికి చూసింది.

“ఏందన్నా, తానం సగంల లేసొచ్చినవా?”

పంక్తిలో ఉన్నవాళ్లంతా విస్తళ్లు వదిలి నవ్వారు. ఆయన నొచ్చుకున్నది నవ్వినందుకు కాదు, ఉబ్బు బయటపడినందుకు. ఆ తర్వాత సబ్బు మానేసి వడ్రంగి చేత చెక్కముక్క చేయించుకున్నాడు.

ఇందులో మాలతికి అన్నింటికన్నా వెగటు పుట్టించేది ఇంకొకటి ఉంది. ఎవరికీ కనపడకూడదని ఇంత యాతన పడే మనిషి, కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. షాపు ముందు చాయ్ అమ్మే లింగయ్యకు, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకు, దారి అడగడానికి ఆగిన ఆటోవాళ్లకు. “నా నడుముల ఉన్నది నీకు కనపడుతుందా? కనపడదు” అనేవాడు. కనపడటం లేదని వాళ్లు ఒప్పుకుంటే సంతోషించేవాడు. లేనిది కనపడకపోవడంలో గొప్పేముందో మాలతికి ఎన్నటికీ అర్థం కాలేదు.

నాలుగేళ్లు గడిచాక ఒక రోజు అంతా తేలిపోయిందని ప్రకటించాడు. రకం కుదిరింది, మందం కుదిరింది, జేబు కుదిరింది. మాలతి ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా వారానికి మళ్లీ వచ్చాడు, అంతా తప్పు, మొదటినుంచీ చూడాలన్నాడు. ఇంట్లో సుభద్రమ్మ చూడనివ్వడం లేదని, ఇక్కడే కూర్చొని ఆలోచిస్తానన్నాడు. ఆ రోజు గుమ్మంలో కుర్చీ వేసుకున్న మనిషి రెండేళ్లయినా లేవలేదు. పొద్దున పదికి వచ్చేవాడు, సాయంత్రం రేణుక బస్సెక్కిన తర్వాత పోయేవాడు. గుమ్మంలో అంత మనిషి అడ్డంగా ఉంటే వచ్చే గిరాకీ పక్కకు ఒదిగి లోపలికి రావాలి. లోపలికి జరగమంటే వెలుతురు కావాలనేవాడు.

రేణుక అంటే రెండో మిషను మీద కుట్టే పిల్ల. తిమ్మాజిపేటలో మొగుడు విజయ్ పెట్టే హింస పడలేక పుట్టింటికి వచ్చేసి, ఇక్కడ పనికి కుదిరింది. వచ్చిన కొత్తలో విజయ్ ఒకసారి తాగి షాపు మీదికి వచ్చాడు. ట్యూబులైటు పగలగొట్టాడు, రేణుక జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చాడు. మాలతి ఆ రోజు వాడిని తిట్టిన తిట్లు సందు చివర వరకు వినపడ్డాయి. ఆ తర్వాత వాడు మళ్లీ రాలేదు. మొగవాడిని అదుపులో పెట్టాలంటే పిస్తోళ్లు అక్కర్లేదు, నోరు చాలు అని మాలతి అప్పటినుంచి పెద్దనాయనకు వినపడేలా అంటూనే ఉంది. ఆయన తల ఊపి, టేపు ఇమ్మని అడిగేవాడు.

పద్దెనిమిదో జేబు అడిగిన రోజు మాలతికి ఓపిక అయిపోయింది. కోపంగా కుట్టడంతో దాని మూతి ఇరుకైంది కూడా. కుట్టి ఆయన ఒళ్లో పడేసి, ఫోను తీసి లైసెన్సు దరఖాస్తు తానే నింపడం మొదలుపెట్టింది. వస్తే కొంటాడు, రాకపోతే మానేస్తాడు, రెండింట్లో ఏదైనా కుర్చీ ఖాళీ అవుతుందని ఆమె ఆలోచన. మద్దిలేటి ముఖం వాడిపోయింది. వద్దన్నాడు, ఇంకా ఏదీ తేలలేదన్నాడు.

“ఆరేండ్ల సంది తేల్తలేదు పెద్దనాయనా. సర్కారోళ్లు తేలుస్తరు తియ్యి.”

ఎవరివల్ల ప్రాణభయం అని రాయాల్సిన చోట మాలతి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన రేణుక వైపు చూసి, తల దించుకున్నాడు. మాలతి నవ్వి, ఎవరివల్లా లేదని రాసి పంపించేసింది.

విచారణకు హెడ్ కానిస్టేబుల్ శ్రవణ్ కుమార్ వచ్చాడు. నిదానమైన మనిషి. మొదట వచ్చిన పని చూసుకున్నాడు. మద్దిలేటి దగ్గర ఇప్పటికే ఆయుధం ఉందని బజారంతా అనుకుంటోంది కాబట్టి, నడుము తడిమాడు. చెక్కముక్క బయటికొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పనితనం బాగుందని చెప్పి తిరిగిచ్చాడు. లింగయ్య దగ్గర చాయ్ తాగుతూ, ముసలాయన దగ్గర ఉన్నది కట్టె అని చెప్పాడు. లింగయ్య చెవిన పడిన మాట సాయంత్రంలోపు బస్టాండు చేరింది. బస్టాండు చేరిన మాట మరుసటి రోజుకు తిమ్మాజిపేట చేరింది.

ఆ మరుసటి రోజు మద్దిలేటి పదికి కాదు, తొమ్మిదికే వచ్చాడు. పిస్తోళ్ల ఊసెత్తలేదు. చాయ్ వద్దన్నాడు. లింగయ్యతో మాట్లాడలేదు. మాలతి ఈ ప్రశాంతతకు సంతోషించింది.

పదకొండింటికి విజయ్ వచ్చాడు. తాగి లేడు, అది ఇంకా భయంగా ఉంది. రేణుక మిషను ఆగిపోయింది. మాలతి నోరు తెరిచింది. ఊరందరినీ కడిగేసే నోట్లోంచి ఒక్క మాట రాలేదు. వాడు ఆమెను చూడనైనా లేదు, కుర్చీలో ఉన్న ముసలాయన ముందు నిలబడ్డాడు.

“తాతా, తియ్యి నీ పిస్తోలు. ఎంత చిన్నగున్నదో జూస్త.”

మద్దిలేటి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కుడిచెయ్యి పద్దెనిమిదో జేబులోకి పోయింది. పోయింది గాని మళ్లీ రాలేదు. చేతిగడియారం పట్టీ లోపల అస్తరుకు తగులుకుంది. ఒకసారి లాగాడు. ప్యాంటు చెయ్యితోపాటు పైకి వచ్చింది. రెండోసారి లాగాడు. కళ్లు పెద్దవయ్యాయి, నుదుటి మీద చెమట పట్టింది, చేతి నరాలు ఉబ్బాయి. విజయ్ ఆ చేతినే చూస్తున్నాడు. కట్టెముక్క కోసం మనిషి ఇంత అవస్థ పడడు. ఏదో బయటికి వస్తానంటోంది, ముసలాయన దాన్ని ఆపలేకపోతున్నాడు, వాడికి అలాగే కనిపించింది.

మద్దిలేటి చాలా మెల్లగా అన్నాడు.

“నాయినా, ఇగ నా చేతుల లేదు. నువ్వు పో.”

అంతకంటే నిజం ఆయన జీవితంలో మాట్లాడి ఉండడు. విజయ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి వేశాడు. తర్వాత ఆ చేతి మీంచి చూపు తిప్పకుండా సందు చివరిదాకా వెనక్కే నడిచి, అక్కడ తిరిగి పరుగెత్తాడు. ఈలోపు లింగయ్య పోలీసులకు ఫోను చేసేశాడు. బస్టాండు మలుపులో శ్రవణ్ కుమార్ వాడిని పట్టుకున్నాడు. ట్యూబులైటు పగిలిననాడు రేణుక ఇచ్చిన పాత ఫిర్యాదు, ఈ కొత్త ఫిర్యాదు కలిపి రాయించి, వాడిని తహసీల్దారు ముందు నిలబెట్టి బైండోవర్ చేయించాడు. ఇక ఆ సందులో అడుగుపెడితే నేరుగా జైలే.

షాపులో మాత్రం ఇంకో పని మిగిలింది. మద్దిలేటి కుర్చీలో కూర్చోలేక, నిలబడలేక, చెయ్యి జేబులోనే పెట్టుకొని ఉన్నాడు. మాలతి కింద కూర్చొని చిన్న కత్తెరతో కుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది. ప్రాణాలు పోతుంటే కట్టె పట్టుకొని నిలబడతారా అని గొణుగుతోంది. అప్పుడు రేణుక వచ్చి పక్కన కూర్చుంది.

రెండేళ్ల కిందట, ట్యూబులైటు పగిలిన మరుసటి రోజు, ఈయన బస్సెక్కి తిమ్మాజిపేట వెళ్లాడని ఆమె చెప్పింది. విజయ్‌ను వెతికి పట్టుకొని, పక్కన కూర్చోబెట్టుకొని, తనకు పిస్తోలు ఉందని, అది ఎవరికీ కనపడదని, రోజూ రేణుక పనిచేసే గుమ్మంలోనే కూర్చుంటానని చెప్పి వచ్చాడు. అన్నమాట ప్రకారం కూర్చున్నాడు. పిస్తోలు తేలిందంటే కూర్చోవడానికి సాకు ఉండదు కాబట్టి, తేలిన పిస్తోలును తేలలేదన్నాడు.

మాలతి కత్తెర ఆగింది. “నాకెందుకు చెప్పలే?”

“నీకు జెప్తే నవ్వుతవని వద్దన్నడక్కా. నువ్వు నవ్వితే వానికి తెలుస్తదని” అంది రేణుక.

మద్దిలేటి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. మాలతికి చాలా అనాలనిపించింది. రెండేళ్లుగా తన నోటికి భయపడి రాలేదనుకున్నవాడి సంగతి కూడా గుర్తొచ్చింది. మిగిలిన కుట్లు విప్పింది, ముందుకన్నా కొంచెం నెమ్మదిగా.

నాలుగు రోజుల తర్వాత శ్రవణ్ కుమార్ వచ్చాడు. ఇప్పుడు నిజంగా ఒక శత్రువు తయారయ్యాడు కాబట్టి, దరఖాస్తులో ఆ పేరు చేరిస్తే లైసెన్సు రావచ్చని, తాను మంచిగానే రాస్తానని చెప్పాడు. మద్దిలేటి గాభరాపడి లేచాడు.

“ఇప్పుడే వద్దు సారూ. ఏది కొనాల్నో ఇంకా తేలలే.”

దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. విజయ్ ఇక రాడు, కూర్చోవలసిన పని లేదు. అయినా మర్నాడు పదికి వచ్చాడు. ఎడమచేతి వాటానికి ఏది అనువుగా ఉంటుందో చూడాలన్నాడు. ఆయనది కుడిచేతి వాటం. మాలతి నోటి చివరిదాకా వచ్చిన మాటను మింగి టేపు అందుకుంది.

చాయ్ ఇవ్వడానికి వచ్చిన లింగయ్య గుమ్మంలో వంగి, ఆమె చెవి దగ్గర గుసగుసగా అడిగాడు. ఆ రోజు హెడ్ సారుకు చూపింది కట్టెనే గాని, విజయ్ వచ్చిన పొద్దు జేబులో ఉన్నది నిజమైనదేనా అని. సందులో అందరూ అదే అనుకుంటున్నారట.

మాలతి అతన్ని కింది నుంచి పైకి చూసింది. బుద్ధిలేని మనుషులను చూసేటప్పుడు ఆమె చూసే చూపే అది.

“కుట్టింది నేను. అందుల ఏమున్నదో నేను బజార్ల చెప్పుకుంట తిరగాల్నా? చాయ్ అక్కడ వెట్టి, జర దూరం జరుగు. ఆయనకు వెలుతురు కావాలె.”