లప్పం సంసోను చూసిన బొమ్మలు

అశ్వారావుపేటలో సంసోను ఇల్లెక్కడని అడిగితే ఏ సంసోను అంటారు. లప్పం సంసోను అంటే మాత్రం వెంటబెట్టుకుని వచ్చి చూపిస్తారు. గోడలకు రంగులు వేసేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు గానీ, రంగుకు ముందు గుంటలు పూడ్చి గోడను నున్నగా చేసే లప్పం పనిలో ఆయనంతటివాడు లేడు. యాభై మూడేళ్ల మనిషి. పామాయిల్ తోటల యజమానుల మేడలు, బడులు, తాను ఆదివారం వెళ్లే చర్చి, అన్నిటి గోడల మీదా ఆయన చెయ్యి తిరిగింది. పని ముగిశాక కళ్లు మూసుకుని గోడంతా తడిమేవాడు. అరచేతికి ఏమీ తగలకపోతే పని బాగా వచ్చినట్టు.

బొమ్మల సంగతి ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇంట్లో క్యాలెండరు మీద మంచు కొండలు, కింద చెరువు, నీళ్లలో కొండల నీడ ఉండేవి. బొమ్మంటే అలా ఫోటోలా ఉండాలని ఆయన అభిప్రాయం.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో భద్రాచలం దగ్గర ఖాళీగా ఉన్న ఒక హాస్టల్లో చిత్రకారులకు పది రోజుల శిబిరం పెట్టారు. గోడలు సిద్ధం చేసే పని సంసోనుకు అప్పగించారు. ఆయన మూడు రోజులు ముందే వెళ్లి, వరండా గోడకు రెండుసార్లు లప్పం పెట్టి, సాండ్‌పేపర్ కొట్టి, తెల్ల ప్రైమర్ వేశాడు.

ఆ గోడను బాలి అనే చిత్రకారిణికి ఇచ్చారు. ఆమె అడవి లోపలి కోయ గూడెం నుంచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చిన్నప్పటినుంచీ ఇంటి గోడల మీద బొమ్మలు వేస్తున్న మనిషి. గోడకు చెయ్యి ఆనించి చూసి, తల అడ్డంగా ఊపింది.

“గీకాలె తమ్మీ.”

“ఎందుకక్కా? ఎక్కడన్న చేతికి తగులుతున్నదా?”

“ఏం తగుల్తలేదు. గింత నున్నగుంటే మట్టి పట్టది.”

సంసోనుకు చాలా కష్టమనిపించింది. బయటికి వెళ్లి భార్య సవరమ్మకు ఫోన్ చేశాడు. “మూడు రోజుల పని. గీకేయమంటున్నది.”

“చేయించుకునేటోళ్లు చెప్పినట్టు చెయ్యవయ్యా,” అంది సవరమ్మ.

గీకాడు. బాలి పేడా ఎర్రమట్టీ కలిపి చేత్తో అలికింది. ఆమె వేళ్ల జాడలు గోడంతా అర్ధచంద్రాల్లా మిగిలాయి. మట్టి ఆరాక పుల్లకు గుడ్డ చుట్టి, సున్నంలో ముంచి గీయడం మొదలుపెట్టింది. ఒక చెట్టు. కొమ్మలెంత పొడవో నేల కింది వేళ్లూ అంత పొడవు. చెట్టు పక్కన చేతులు పట్టుకుని ఆడుతున్న ఆడవాళ్ల వరస. ఆ వరస అలికిన జాడల మీదుగా పోయేసరికి, ఆడవాళ్లు నిజంగానే ఊగుతున్నట్టు కనిపించారు. తాను చేసిన నున్నటి గోడ మీదైతే వీళ్లు కదలకుండా నిలబడిపోయేవాళ్లని సంసోనుకు తోచింది.

“చెట్టు ఏర్లు మనకు కనపడవు గదా అక్కా?” అని అడిగాడు.

“మేం గడ్డలు తవ్వుతం. మాకు కనపడ్తయి.”

ఆ రోజు నుంచి పని అయిపోయినా ఆయన ఇంటికి పోలేదు. పక్క గదిలో చేర్యాల నుంచి వచ్చిన నాగరాజు ఉండేవాడు. పొడవాటి బట్ట మీద కథలు బొమ్మలుగా రాసే పని అతనిది. చింతగింజల జిగురు ఉడికించి, తెల్లమట్టి కలిపి బట్టకు పూస్తున్నాడు. సంసోను వేలితో తీసి నలిపి చూశాడు.

“ఇది లప్పమే గదా.”

“అవ్ అన్నా. బట్టకు లప్పం,” అన్నాడు నాగరాజు.

మూడు పూతలు ఆరాక బట్టంతా ఎర్ర రంగు వేశాడు. ఆ ఎరుపు మీద పసుపు మొహాల ఆడవాళ్లు, నీలం రంగు దేవుడు లేచి వచ్చారు.

“ఆకాశం గూడ ఎర్రగనేనా?”

“అది ఆకాశం కాదన్నా. కథ చెప్పేటోళ్లు ఈ పటాన్ని గుంజలకు కట్టి చెప్తరు. అందరికన్న ఎన్క కూసున్నోనికి గూడ బొమ్మల మనిషి కండ్లకు ఆనాలె.”

సంసోను గది చివరిదాకా నడిచి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరు ఎవరో స్పష్టంగా తెలుస్తోంది. తన క్యాలెండరును అంత దూరం నుంచి చూస్తే నీలం రంగు తప్ప ఏమీ కనపడదు.

సంసోనుకు కొరుకుడు పడనివి ఉదయ్ భాస్కర్ బొమ్మలు. ఆయన హైదరాబాదులో చిత్రకళ చెప్పే మాస్టారు. ఆయన వేస్తున్న పెద్ద కాన్వాసు మీద మనిషి లేడు, చెట్టు లేదు. బూడిద రంగు, పాచి రంగు మరకలే ఉన్నాయి. సంసోను నాలుగు రోజులు ఆగి అయిదో రోజు అడిగాడు.

“కోపం చేసుకోకుండ్రి సార్. ఇది ఏంది?”

“మీకేం కనిపిస్తోంది?”

“ఏం కనపడ్తలేదు.”

“సరే,” అని ఆయన తన పనిలో పడ్డాడు. సంసోనుకు తనను ఆట పట్టిస్తున్నాడేమోనన్న అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున టీ గ్లాసుతో అటు వెళ్తూ గుమ్మంలో ఆగిపోయాడు. కిటికీ వెలుగు కాన్వాసు మీద ఏటవాలుగా పడుతోంది. మరక అంచున తెల్లగా ఉప్పు తేలినట్టుంది, నడుమ పాచి, కిందికి కారిన చారలు. ముప్పై ఏళ్లుగా గీకి, లప్పం పెట్టి, కనపడకుండా చేస్తూ వచ్చిన దాన్ని ఆయన గుర్తుపట్టాడు.

“చెమ్మ సార్,” అన్నాడు. “వాన పట్టిన గోడ.”

ఉదయ్ భాస్కర్ కుంచె కింద పెట్టాడు. “నేను కిరాయికున్న గది గోడ అది. రెండేళ్లు రోజూ చూశాను.”

“గట్లయితే పాచి నడుమ గాకుండ కింద ఎక్కువుండాలె గదా?”

“పైకప్పు నుంచి కారేదండీ.”

“అయితే కరెక్టే,” అన్నాడు సంసోను. ఇంత రంగు ఉన్నదాన్ని ఇన్నేళ్లూ చూడకుండానే గీకేశానా అనుకుంటూ చల్లారిన టీ తాగాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సవరమ్మ బస్సెక్కి వచ్చింది. నాగరాజు పటం ముందు చాలాసేపు నిలబడి, కథ తనంతట తానే చెప్పుకుంది. బాలి గోడ దగ్గర, “మా అమ్మ గిట్లనే అలికేది,” అంది. ఉదయ్ భాస్కర్ కాన్వాసు చూసి, “దీనికి ఇంక రంగు ఎయ్యలేదా?” అని అడిగింది. సంసోను నవ్వాడు.

ఆ సాయంత్రం సంసోను కూడా ఆమెతోనే బయల్దేరాడు. తిరుగు బస్సులో ఆమె అడిగింది, “ఇన్నిట్ల ఏది మంచిగుందయ్యా?”

ఒకప్పుడైతే ఠక్కున చెప్పేవాడు. కొంతదూరం పోయాక, “ఇంకోసారి చూస్తే గాని చెప్పలేను,” అన్నాడు.

శిబిరం ముగిశాక పటాన్నీ కాన్వాసునూ హైదరాబాదు తీసుకుపోయారు. గోడ మాత్రం అక్కడే ఉంది. భద్రాచలం వైపు పని పడినప్పుడల్లా సంసోను దిగి చూసి వస్తున్నాడు. వానలకు ఒక మూల మట్టి రాలింది. ఈ మధ్య ఫోన్ చేస్తే, ఎండలు తగ్గినాక వచ్చి మళ్లీ అలుకుతానని బాలి చెప్పింది. మట్టి తొక్కడానికి తాను వస్తానన్నాడు సంసోను.