రెండు చుట్లు

ఇరవై ఆరేళ్ళుగా రెండు మాటలు మోస్తున్నాను. రెండూ నేనే అన్నాను. మొదటిది భయంతో అన్నాను. రెండోది ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. మొదటిదాన్ని ఎవరైనా అర్థం చేసుకుంటారేమో. రెండోదాన్ని నేనే అర్థం చేసుకోలేకపోయాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కొంచెం తేలిక. ఇందులో ఇంట్లోవాళ్ళ పేర్లు మార్చాను. ఒక్క కాశింబీ గారి పేరు మాత్రం మార్చలేదు. నేను పోగొట్టింది ఆవిడ పేరే కాబట్టి, దాన్ని ఇక్కడ కూడా దాచడం న్యాయం కాదనిపించింది.

మాది తెనాలి. నేను హైస్కూల్లో సైన్సు మాస్టారుగా పనిచేశాను. నా భార్య సుజాతది కొల్లూరు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా వైపు మారని పద్ధతి. ఏడో నెలలో పసుపు కుంకుమ పెట్టి తీసుకువెళ్ళారు. కాన్పు ఎవరు చెయ్యాలన్నది కూడా వాళ్ళింట్లో ఎవరూ చర్చించలేదు. కాశింబీ గారు చేస్తారు. సుజాతను, ఆమె ఇద్దరు తమ్ముళ్ళను భూమ్మీదికి తెచ్చింది ఆవిడే. అందరూ మంత్రసాని అనేవాళ్ళు గానీ, ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయిన మనిషి. తెల్ల చీర, చేతి సంచి, సంచిలో ఒక చెక్క గొట్టం. గరాటులా ఉండేది. దాని వెడల్పు వైపు తల్లి పొట్టకు ఆనించి, రెండో వైపు చెవి పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినేవారు. వింటున్నంతసేపూ కళ్ళు మూసుకునేవారు. ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. తేడా కనిపిస్తే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి పంపేస్తారని ఊళ్ళో పేరు.

నెలలు నిండాక ఒక ఉదయం చూసి, గొట్టం సంచిలో పెట్టుకుంటూ అన్నారు.

"తల కిందికే ఉంది. ఎల్లుండికల్లా కాన్పవుద్ది. మీరు ఊరికే ఈ గుమ్మం అరగదీయకండి అల్లుడుగారూ, పోయి పిల్లకాయలకి పాఠాలు చెప్పుకోండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లెక్క వేశాను. ఎల్లుండి మూల నక్షత్రం.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నేను పుట్టింది మూల నక్షత్రం మొదటి పాదంలో. ఆ పాదంలో పుడితే తండ్రికి గండం అంటారు. నేను పుట్టిన పదకొండో నెలలో మా నాన్న పోయారు. పాము కరిచింది. పాముకు పంచాంగం తెలియదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ మా మేనత్త నన్ను ఎత్తుకున్నప్పుడల్లా, తండ్రిని మింగిన చేపపిల్ల అనేది. ముద్దుగానే అనేది. ఆ మాట విన్నప్పుడల్లా మా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

నేను క్లాసులో పిల్లలకు నక్షత్రాలంటే మండే వాయుగోళాలని చెప్పేవాణ్ణి. ఆ మధ్యాహ్నం అదే నోటితో చెరుకుపల్లిలో సిద్ధాంతిని అడిగాను. ఎవరూ పంపలేదు. మా అమ్మ అడగలేదు. నేనే వెళ్ళాను. ఆయన పంచాంగం తిప్పి, అనూరాధ రేపు మధ్యాహ్నం వరకు ఉంది, ఆ తర్వాత జ్యేష్ఠ, ఆపైన మూల, రేపు పదిన్నరలోపు అయితే దివ్యంగా ఉంటుంది అన్నారు.

నేను వీటిని నమ్మానా? ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నమ్మలేదు. భయపడ్డాను. నమ్మకం లేకుండా కూడా మనిషి అంత భయపడగలడని నాకప్పుడే తెలిసింది.

సాయంత్రానికి కారు మాట్లాడుకుని కొల్లూరు వెళ్ళాను. ఒకసారి తెనాలిలో స్కానింగ్ చేయించి తీసుకొస్తానని అత్తగారితో చెప్పాను. అల్లుడి మాట కాదనలేదు. మర్నాడు పొద్దున్నే ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, అంతా చక్కగా ఉంది, ఇంటికి తీసుకెళ్ళొచ్చు అన్నారు. నేను ఆవిడ గదిలోకి ఒంటరిగా వెళ్ళి ముహూర్తం సంగతి చెప్పాను. ఆవిడకు అది కొత్త కాదు. కొంచెం చిరాకుపడ్డారంతే.

"మీ ఆవిడ ఒప్పుకుంటే ఆపరేషన్ చేస్తానండి. ఆవిడకి మాత్రం మీరే చెప్పుకోండి."

సుజాత వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. తొమ్మిది దాటింది.

"బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు చుట్టుకుందట. ఆపరేషన్ చెయ్యకపోతే బిడ్డ దక్కదట."

అది మొదటి మాట. ఒక చుట్టు అన్నా సరిపోయేది. రెండు అన్నాను. సుజాత ముఖంలో రక్తం ఇంకిపోవడం చూశాను. ఆగిపోవచ్చు అప్పుడు. ఆమె అప్పటికే సంతకం పెట్టాల్సిన కాగితం కోసం చెయ్యి చాచింది. నాకు కావలసింది దొరికేసింది. అయినా అన్నాను.

"కాశింబీ గారు చూసుకోలేదు."

ఇదే రెండో మాట. దీన్ని నన్నెవరూ అడగలేదు. ఎందుకన్నాను? అబద్ధానికి ఇంకొకరి తప్పు తోడుంటే బలంగా నిలబడుతుందనా? ఆ వరండా ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నా గొంతు ఒణకలేదు. అంత మామూలుగా, అన్నం తిన్నావా అన్నట్టుగా అన్నాను. నన్ను ఇన్నేళ్ళూ నిలువునా కోసింది అదే. అబద్ధం ఆడినందుకు కంటే, అది అంత సులువుగా వచ్చినందుకు.

పది ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. సుజాతకు కుట్లు చీము పట్టి నెలన్నర మానలేదు. పక్కకు తిరగాలన్నా చీర చెంగు పళ్ళమధ్య పట్టుకునేది. డాక్టరమ్మ చూడడానికి వచ్చినప్పుడల్లా నేను పక్కనే ఉండేవాణ్ణి. ఏదైనా మాట బయటపడుతుందేమోనని. భార్యను కనిపెట్టుకుని ఉన్న భర్తనని నర్సులు మెచ్చుకునేవాళ్ళు.

ఇరవై ఒకటో రోజున కొల్లూరులో బారసాల. కాశింబీ గారు వచ్చారు. పిల్లకు ఒళ్ళు రుద్దడానికి ఇంట్లో కాచిన ఆముదం ఒక సీసాలో తెచ్చారు. మా అత్తగారు సీసా అందుకున్నారు గానీ కూర్చోమనలేదు. అప్పటికే మాట వీధులన్నీ తిరిగింది. ఆవిడ నా దగ్గరకు వచ్చారు.

"అల్లుడుగారూ, ఒక్క మాట. నిజంగానే రెండు చుట్లాండీ?"

"అవునండి."

"గుండె చప్పుడు మూడుసార్లు విన్నానే. ఒక్కసారన్నా తడబడలేదే."

నేను ఉయ్యాల తాడు సర్దుతున్నట్టు వంగాను.

"ముసలిదాన్నయిపోయా. చెవి తగ్గినట్టుంది." చిన్నగా నవ్వారు.

"పోనీలే కాశింబమ్మా," అన్నారు అత్తగారు. "పిల్ల దక్కింది, అంతే చాలు. ఇన్నేళ్ళు చేశావు, ఇంక నువ్వూ కాస్త విశ్రాంతి తీసుకోరాదూ?"

ఆవిడ తలూపి వెళ్ళిపోయారు. చెప్పుల కోసం గుమ్మం దగ్గర ఆగినప్పుడు, కుడి చెవిని ఒకసారి చేత్తో తడుముకున్నారు. నేను చూశాను. నేను తప్ప ఎవరూ చూడలేదు.

ఏడాది తిరక్కుండా ఆవిడ రేపల్లెలో కొడుకు దగ్గరకు వెళ్ళిపోయారని విన్నాను. వీధిలో అందరూ కాన్పులకు పిలవడం మానేశారట.

నా కూతురు హారిక ఈ కథ వింటూ పెరిగింది. పుట్టినరోజు వచ్చిందంటే సుజాత చెప్పేది. నువ్వు మెడకు ఉరి వేసుకుని పుట్టావే తల్లీ, మీ నాన్న ఆ రోజు నన్ను తీసుకెళ్ళకపోతే నువ్వు లేవు అని. పిల్ల నావైపు చూసి నవ్వేది. స్కూలు చొక్కా పై గుండీ ఎప్పుడూ పెట్టుకోలేదు. చున్నీ మెడకు తగిలితే ఊపిరాడదనేది. భయం వేస్తే చెయ్యి మెడ మీదకు పోయేది. పెళ్ళిలో నెక్లెసు పెడుతుంటే కూడా కింది దాకా వేలాడేది కావాలంది. బిడ్డకు మూల నక్షత్రం మాట పడకూడదనే చేశానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నా చావుకు భయపడ్డాను. ఒక కథ తప్పించి, అంతకంటే బిగుతైనదాన్ని నా చేతులతో దాని మెడకు చుట్టాను. సుజాత రెండో బిడ్డ వద్దంది. మళ్ళీ ఆ భయం పడలేనంది. నేను సరేనన్నాను. ఇంకేమనగలను?

ఇప్పుడు హారికకు నెలలు నిండాయి. అల్లుడి ఉద్యోగం బాపట్లలో. అక్కడి ఆసుపత్రిలో కాన్పుల కోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సు ఉంది, అవసరమైతే డాక్టరు పక్క గదిలోనే. ఆ నర్సు దగ్గరే మామూలు కాన్పు కావాలని హారిక కోరిక. తెనాలికి వచ్చిన రోజే తల్లీకూతుళ్ళకు వాదన మొదలైంది.

"అమ్మా, ఆవిడ చాలా బాగా చూస్తోందే. ప్రతిదీ విడమరిచి చెప్తోంది."

"కాశింబమ్మ కూడా బాగానే చూసేది. ఆ చేతుల్ని నమ్ముకుని ఉంటే నువ్వుండేదానివా? నర్సులూ వద్దు, నొప్పులూ వద్దు. ఎటూ ఆపరేషనే." సుజాత నావైపు తిరిగింది. "ఏంటి అట్లా చూస్తారు? చెరుకుపల్లి వెళ్ళి మంచి రోజు పెట్టించుకు రండి."

హారిక చెయ్యి మెడ మీదకు వెళ్ళింది. తర్వాత మెల్లగా, సరేలే అమ్మా, నీ ఇష్టం అంది.

ఇరవై ఆరేళ్ళ కిందటి నా మాట లేచి వచ్చి, నా భార్య నోటితో నన్నే ముహూర్తం పెట్టించుకు రమ్మంటోంది. ఈసారి కోత నా కూతురికి.

చెరుకుపల్లిలో దిగాను. సిద్ధాంతి ఇంటి వైపు నడవలేదు. రేపల్లె బస్సెక్కాను. వాకబు చేసుకుంటూ వెళ్తే ఇల్లు దొరికింది. ముందు గదిలో ఒకావిడ కూర్చుని డబ్బాలోంచి సీసాలోకి నూనె పోస్తోంది. సీసా మూతికి ఒక చెక్క గరాటు పెట్టింది. నూనె తాగి నల్లబడింది గానీ, చూడగానే గుర్తుపట్టాను. కాశింబీ గారున్నారా అన్నాను.

"అత్తా? పోయి మూడేళ్ళయిందండి," అంది ఆవిడ. నా చూపు చూసి, "ఇదా? అత్తదేనండి. పడేయబోతుంటే మేమే ఉంచుకున్నాం. నూనెకి బాగుంటది."

కాన్పులు చేసేవారా ఇక్కడ అని అడిగాను.

"ఎక్కడండీ. నా రెండు కాన్పులకీ ముట్టుకోలేదు. గుమ్మం బయటే కూర్చుంది. నా చెవి నన్ను మోసం చేసిందే పిల్లా, నా మనవడి దగ్గర మళ్ళీ ఆ పని పెట్టుకోను అనేది. ఏం జరిగిందంటే మాత్రం చెప్పేది కాదు. మీరెవరండీ?"

కొల్లూరువైపు తెలిసినవాణ్ణి అన్నాను. మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను. చెప్పకుండానే వచ్చేశాను. అక్కడ కూడా.

కానీ ఇంటికొచ్చాక చెప్పాను. సుజాత గోంగూర వలుస్తోంది, హారిక దివాన్ మీద పడుకుని ఉంది. చెప్పులు కూడా విప్పకుండా నిలబడి చెప్పాను. మూల, అనూరాధ, డాక్టరమ్మ, రెండు చుట్లు, కాశింబీ గారు, నూనె గరాటు, అన్నీ. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపలేదు.

సుజాత చేతిలోని కాడ అలాగే ఉండిపోయింది. ఒకటే అడిగింది.

"గండం ఎవరికన్నారు?"

"నాకు."

"మీకు," అంది. అదే మాట. ప్రశ్నలా కాదు, ఏదో లెక్క సరిచూసుకున్నట్టు. చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో అవసరమైన మాటలు మాత్రం మాట్లాడుతుంది.

హారిక లేచి కూర్చుంది. నన్ను కాకుండా నా చెప్పుల్ని చూస్తూ, "ఒక్క చుట్టు కూడా లేదా నాన్నా?" అంది. లేదమ్మా అన్నాను. బ్యాగు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఇది బాపట్ల ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పొద్దున నొప్పులు మొదలయ్యాయి. కాగితాల మీద అమ్మాయే సంతకం పెట్టుకుంది. లోపల నర్సుతో పాటు తల్లిని ఉండమంది. నన్ను బయట కూర్చోమంది. మామూలు కాన్పే అవుతుందో, చివరికి డాక్టరునే పిలవాల్సి వస్తుందో నాకు తెలియదు. ఏదైనా అది నిజంగా అవసరమై జరుగుతుంది. ఇవాళ ఏ నక్షత్రమో కూడా తెలియదు. చూడలేదు.

సుజాత ఒకసారి బయటికి వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుని, నా ముందునుంచే వెళ్ళింది. ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అడగాల్సిన మనిషి రేపల్లెలో మట్టిలో ఉంది. ఆవిడ కోడలికి ఇంకా చెప్పాలి. ఈ కాగితాలు తీసుకునే వెళ్తాను.

ఇప్పటికి ఇంత మాత్రం రాయగలను. నా కూతురి మెడకు బొడ్డుతాడు చుట్టుకోలేదు. కాశింబీ గారి చెవి సరిగ్గానే విన్నది.