గోరు కింది ఆవగింజ

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టాలంటే తలలో నాలుగైనా తెల్లవెంట్రుకలు ఉండాలంటారు. నాకింకా ముప్పై నిండలేదు. అయినా ఈ సంగతి చెప్పడానికి ముసలితనం దాకా ఆగలేను. అప్పటికి కోపం తగ్గిపోతుందేమోనని నా భయం.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆలూరులో అవ్వ, అమ్మానాన్న, చిన్నాయన, చిన్నమ్మ అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మా చిన్నమ్మకు కుడిచేతి ఉంగరపు వేలి కొస నొప్పి. వాపు లేదు, పుండు లేదు. చలికాలం పొద్దున తొట్టి నీళ్లలో చెయ్యి పెడితే మాత్రం కరెంటు కొట్టినట్టు వేలు పట్టుకుని కూలబడిపోయేది. గిన్నె అంచు తగిలినా అంతే. మా ఇంట్లో నొప్పి అంటే నెత్తురైనా కనపడాలి, కట్టైనా ఉండాలి. ఆమె దగ్గర రెండూ లేవు. "బోకులు తోమే పొద్దుకే వస్తాదేమే ఆ నొప్పి? దానికేమన్నా గడియారం ఉండాదా?" అనేది అవ్వ.

ఆ ఇంట్లో నవ్వించే పని నాది. ఎవరు ఏడ్చినా, ఎవరు అలిగినా అచ్చం అట్లాగే చేసి చూపించేదాన్ని. చిన్నమ్మ వేలు పట్టుకుని కూలబడడం నా ఐటముల్లో అన్నిటికంటే పెద్ద హిట్టు. చుట్టాలొస్తే అడిగి మరీ చేయించుకునేవారు. చిన్నమ్మ కూడా నవ్వేది. అది ఎట్లాంటి నవ్వో తెలిసే బుద్ధి నాకు లేదు. తెలిసిన పెద్దవాళ్లు నోరు విప్పలేదు.

ఆ నొప్పి మొదలై ఐదేళ్లయ్యాక, ఆ ఏడు, అవ్వ దయతలచింది. ఆదివారం పక్కపల్లెలో ఒకాయన దగ్గరికి తీసుకుపోయి, ఆ వేలి కొసకు కాల్చిన కడ్డీతో వాత పెట్టించాలని నిర్ణయించింది. నిజం నొప్పైతే వాతకు పోతుందని అవ్వ లెక్క. నటనైతే వాతకు భయపడి మానుతుందని చిన్నాయన లెక్క. ఏ లెక్కలో చూసినా కాలేది చిన్నమ్మ వేలే.

శనివారం చిన్నమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. మా ఊరి సర్కారు ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చిందని, వాత పడకముందే ఆమెకు వేలు చూపించుకోవాలని, తన కోసమంటే ఎవరూ పంపరని చెప్పింది. "నీకు దగ్గు రావల్ల పాపా," అంది.

దగ్గాను. గొప్పగా కూడా కాదు, మూడుసార్లు. ఇల్లంతా లేచింది. అవ్వ నా నుదురు పట్టి చూసి "అయ్యో, బిడ్డ ఎట్లయిపాయ చూడండి" అంది. చిన్నాయన "ఎండలో నడిపిచ్చద్దు, ఆటోలో పోండి" అన్నాడు. నా దొంగ దగ్గుకు నిమిషంలో ఆటో వచ్చింది. ఆటోలో నవ్వాపుకోలేక చిన్నమ్మ వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు.

ఆసుపత్రిలో చిన్నమ్మ తన వేలు చూపించగానే డాక్టరమ్మ నన్ను చేతులతో ఆమె కళ్లు మూయమంది. పెన్సిలు మొనతో గోరు మీద అక్కడక్కడా నొక్కింది. చుట్టుపక్కల ఏమీ లేదు. ఒక్క చుక్క దగ్గర మాత్రం చిన్నమ్మ కేక వేసి లేచిపోయింది. మార్చి మార్చి ఎన్నిసార్లు నొక్కినా అదే చుక్క. ఆమె కన్నీళ్లకు నా అరచేతులు తడిసిపోయాయి. ఆపరేషన్ కావాలి, ఇంటాయన్ని పిలిపించండి అంది డాక్టరమ్మ. చిన్నాయన పురుగుమందుల అంగడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పాపకు దగ్గు ఎట్లుండాది?" అనేది ఆయన మొదటి మాట.

డాక్టరమ్మ చిన్నమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టే రబ్బరు బుడ్డను ఆయన చేతికే ఇచ్చింది. గట్టిగా బిగిసేదాకా ఒత్తించి, అదే చుక్క మీద పెన్సిలు నొక్కింది. చిన్నమ్మ కదల్లేదు. నొప్పి లేదని ఆమే నమ్మలేక వేలి వైపు చూసుకుంది. గాలి వదిలి మళ్లీ నొక్కితే మళ్లీ కేక.

"కండ్లు మూసినా అదే చోటు చెప్తాది. నెత్తురు ఆపితే నొప్పి పోతాది. ఇంత నటన నేర్పే బడి యాడుండాదో చెప్పప్పా, నేనూ పోయి చేరతా," అంది డాక్టరమ్మ.

గోరు కింద ఆవగింజంత గడ్డ ఉందట. సన్న రక్తనాళాల దగ్గర పుట్టే రకం, క్యాన్సర్ కావడం చాలా అరుదు. చలి తగిలితే రేగేది అదే. గోరు ఎత్తి గడ్డను తీసేస్తే నొప్పి పోతుంది, గోరు మళ్లీ వస్తుంది. "మరి రేపు వాత పెడితే?" అని అడిగాను. డాక్టరమ్మ చిన్నాయన వైపు చూసింది. ఆయన రబ్బరు బుడ్డ వైపు చూస్తున్నాడు.

కర్నూలులో ఆపరేషన్ అయింది. ఆ చలికాలం ఒక పొద్దున చిన్నమ్మ తొట్టిలో చెయ్యి ముంచి, తీయకుండా చాలాసేపు అట్లాగే నిలబడింది. అవ్వేమో వచ్చినవాళ్లందరితో "ముందే చెప్పింటే యెప్పుడో చేపిచ్చేటోళ్లం" అనేది. ముందే! ఐదేళ్లు చెప్పిన మనిషి పక్కనే నిలబడి వాళ్లకు కాఫీలు అందించేది. తప్పయిందని ఆమెతో ఒక్కరూ అనలేదు.

నేనన్నాను, ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు. చిన్నపిల్లవి, నీకేం తెలుసులే అంటుందనుకున్నాను. చిన్నమ్మ అట్లా అనలేదు.

"నువ్వు శానా బాగా చేస్తాంటివి పాపా. నిన్ను చూసినంక నన్నెవురు నమ్ముతారు?"

ఇప్పటికీ ఎవరి డ్రామాకైనా గాలి తీయకుండా ఉండలేను. కానీ ఎవరైనా నొప్పి అన్నారంటే మాత్రం ముందు యాడ అని అడుగుతాను, వాళ్లు చూపించడం అయ్యేదాకా నోరు తెరవను. మా ఇంట్లోవాళ్ల మీద కోపం ఇంకా అట్లాగే ఉంది. అందులో పెద్ద వాటా ఆ తొమ్మిదేళ్ల పిల్ల మీదే.