గమ్మునుండమన్నది నేనే

చెన్నై స్టేడియం గేటు దగ్గర సెక్యూరిటీ అతను అవ్వ చేతిసంచి బోర్లించగానే ఆరు జతల నాడెలు దడదడా బల్ల మీద పడ్డాయి. నాడె అంటే మగ్గంలో దారం పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే కొయ్యముక్క. రెండు కొసలకూ ఇనప మొనలుంటాయి. అతను ఒక మొనను బొటనవేలితో తాకి చూసి, మమ్మల్నందరినీ దోపిడీకి వచ్చిన ముఠాను చూసినట్టు చూశాడు.

“ఏందవ్వా ఇది?” అన్నాను పళ్ళు కొరుక్కుంటూ.

“నువ్వే గదమ్మా సద్దు సేయాలంటివి. రెండు నాడెలు తాటించి కొడితే ఎంత సద్దొస్తాదో నీకేం తెలుసు,” అంది అవ్వ, తప్పంతా నాదే అన్నట్టు.

అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి మొనదేలిన ఇనుము సంచిలో వేసుకుని వచ్చేవాళ్ళు భూప్రపంచంలో మా నగరి నేతవీధి వాళ్ళు తప్ప ఇంకొకరుండరు. అవ్వ అరవంలో అతనితో పావుగంట తగువు పడింది. చివరికి నాడెలు బల్ల కిందికి పోయాయి, మేం ముప్పై నాలుగు మందిమి ఉత్త చేతులతో లోపలికి పోయాం.

ఆ రోజు గోల్‌పోస్టు ముందు నిలబడేది అవ్వ మనవరాలు. పదహారేళ్ళది. మన దేశం బాలికల జట్టుకి గోల్‌కీపరు. నేను ఆ పిల్ల చదివిన హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. కార్వేటినగరం నుంచి రోజూ బస్సులో వచ్చిపోతూ, ఆరేళ్ళు ఆ పిల్లకి బంతి పట్టడం నేర్పాను. బంతి మీదికొస్తుంటే మిగతా పిల్లలు మొహం తిప్పుకునేవాళ్ళు, ఇది మాత్రం చేతులు చాచి ఎదురు పోయేది. అంత ధైర్యం గల పిల్ల.

పదిహేను రోజుల ముందు దాని కోచ్ నాకు ఫోన్ చేశాడు. పోయిన మ్యాచ్ ఏదో దూరదేశంలో ఖాళీ స్టేడియంలో జరిగింది, మూడు గోల్స్ పడ్డాయి. గోల్స్ ఎవరికైనా పడతాయి, దానికి నేనేమీ అనను, కానీ మీ పిల్ల కదల్లేదు, పాతిన రాయిలా నిలబడింది అన్నాడు. కదలని గోల్‌కీపరుతో నాకేం పని, చెన్నైలో కూడా ఇదే జరిగితే ఇంటికి పంపించేస్తాను అని ఖండితంగా చెప్పాడు. రాత్రి పిల్లే ఫోన్ చేసింది. ఏడుస్తూ ఉంది.

“ఆడ ఎవురూ లేరు మేడం. బంతి నా తట్టు వస్తా ఉంటే సెవుల్లో గుయ్‌మంటాది. కాళ్ళు లేవవు. ఏమైందో నాకే తెలీదు.”

ఎవరూ లేకపోవడమే దాని జబ్బు అనుకున్నాను. అయితే జనాన్ని నేనే తీసుకుపోతాను, ఎట్లా ఆడదో చూస్తాను అని ఆ క్షణమే తీర్మానించాను. నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో పట్టుదలా అంతే తొందరగా వస్తుంది. మ్యాచ్ అమావాస్య నాడు పడటం కలిసొచ్చింది. అమావాస్యకు మగ్గాలు ఆపేస్తారు గనక వీధి వీధంతా ఖాళీ. బస్సు డ్రైవరు మాత్రం అమావాస్య పూట ప్రయాణమేందని నసిగాడు. “సరిహద్దు దాటితే అరవోళ్ళకు అది మంచిదినం లేప్పా, ఆ నాలుగు మైళ్ళు కండ్లు మూసుకోని తోలు,” అని అవ్వ వాడి నోరు మూయించింది.

వీధివాళ్ళకి శిక్షణ కూడా ఇచ్చాను. రెండు సాయంత్రాలు స్కూలు గ్రౌండ్లో కూర్చోబెట్టాను. నా చేతిలో ఎర్ర తువ్వాలు. తువ్వాలు పైకెత్తితే అందరూ అరవాలి, కిందికి దించితే చీమ చిటుక్కుమనకూడదు. బంతి మన గోల్ వైపు వచ్చినప్పుడు తువ్వాలు దించుతాను, పిల్ల మనసు చెదరకూడదు కదా అన్నాను. ఒకాయన మధ్యలో దగ్గితే కూడా కసిరాను. “గమ్మునుండమంటే గమ్మునుండండి!” అని వయసులో నాకన్నా పెద్దవాళ్ళ మీద కేకలేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

స్టేడియంలో మాకు ఇనపరేకుల గ్యాలరీ ఒకటి దొరికింది, రెండు గోల్‌పోస్టులకీ నడుమ, మైదానం పక్కనే. నిర్వాహకులు మనిషికి రెండు గాలి బుడగల కర్రలిచ్చారు. కొట్టుకుంటే పుస్ పుస్ అన్నాయి. ఎదుటి గ్యాలరీలో అవతలి దేశం వాళ్ళు యాభై మంది దాకా ఉన్నారు, చెన్నై చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళట. ఒక డోలు, ఒకే రంగు చొక్కాలు, ఒకే పాట. వాళ్ళు పాడుతుంటే నాకు కడుపు మండింది. మనవాళ్ళు ఆ పెద్ద స్టేడియంలో ఇక్కడొకరు అక్కడొకరు కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు.

ఆట మొదలైంది. తువ్వాలెత్తాను, అరిచారు. దించాను, ఆపారు. నా తువ్వాలు బాగానే పనిచేస్తోందని మురిసిపోయాను. అరగంట గడిచాక అవతలి పిల్ల ఒకతి దూరం నుంచి బంతిని తన్నింది. గట్టి దెబ్బ కూడా కాదు. బంతి దొర్లుకుంటూ వస్తోంది. నేను తువ్వాలు దించాను. మా గ్యాలరీ ఊపిరి బిగబట్టింది. ఎదుటి డోలు కూడా ఆగిపోయింది. మా పిల్ల బంతినే చూస్తోంది. చూస్తోంది, కదలడం లేదు. రెండు అడుగులు పక్కకేస్తే చాలు. “కదలవే, కదలవే” అని లోలోపలే గొణుక్కుంటున్నాను. బంతి దాని పక్కనించి, తీరుబడిగా, వలలోకి పోయింది.

కోచ్ గీత దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనే ఇంకొక గోల్‌కీపరు పిల్ల లేచి ఒళ్ళు విరుచుకుంటోంది.

విరామంలో అవ్వ మెట్లు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

“టీచరమ్మా, ఒక మాట సెప్తా, కోప్పడాకు.”

“చెప్పు.”

“మా ఇండ్లల్లో మగ్గం మిషను ఆడతా ఉంటే ఉయ్యాల్లో బిడ్డ నిదరపోతాది. మిషను నిలిస్తే ఉలిక్కిపడి లేస్తాది. కరెంటు పోతే మేమూ అంతే, ఏడున్నోళ్ళం ఆడ కొయ్యబారిపోతాం, దారం తెగిందో ఏమైందో అని. ఆ పాప రెండు మిషన్ల నడమ పుట్టింది. బంతి వచ్చేతప్పుడే నువ్వు కరెంటు తీసేస్తా ఉండావమ్మా.”

“ఆట గురించి నాకు నువ్వు నేర్పేదానివయ్యావా?” అన్నాను. నోరు జారిపోయింది. అవ్వ పోయి తన చోట కూర్చుంది.

కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మా స్కూలు గ్రౌండు గోడకి అవతలే మరమగ్గాల షెడ్లు. పొద్దున నుంచి సాయంత్రం దాకా టకటకా టకటకా. ఆ చప్పుడు భరించలేక, ఆటల పీరియడ్లోనైనా మగ్గాలు ఆపించమని ఊరి పెద్దలకి అర్జీ రాసినదాన్ని నేను. ఒకసారి మండల పోటీ మా గ్రౌండ్లోనే జరిగింది. ఆ రోజు కరెంటు పోయి షెడ్లన్నీ ఆగిపోయాయి. ఆ రోజే ఈ పిల్ల రెండు గోల్స్ వదిలేసింది. ఒళ్ళు బద్ధకమే నీకు అని తిట్టి, ఎండలో నాలుగు రౌండ్లు పరుగెత్తించాను. ఆరేళ్ళు నేర్పాను కదా, ఆ పిల్ల ఏ చప్పుడులో బంతి పడుతుందో ఒక్కరోజైనా పట్టించుకున్నానా? నా మీద నాకే అసహ్యం వేసింది.

తువ్వాలు మడిచి సంచిలో కుక్కాను. అవ్వ దగ్గరికి పోయి, “మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యండి,” అన్నాను. క్షమించమని అడగడం నాకు ఇంకా రాదు.

రెండో సగం మొదలవగానే అవ్వ చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి దోపుకుని, రేకు మీద కుడికాలు తాటించింది. తర్వాత ఎడమకాలు. టక్, టకా. టక్, టకా. పక్కనున్న ఆడవాళ్ళు అందుకున్నారు. వెనక వరసలో మగవాళ్ళు అందుకున్నారు. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు, పుట్టినప్పటి నుంచీ విన్న లయ అది. ముప్పై మందికి పైగా కాళ్ళకి ఆ రేకుల గ్యాలరీ మగ్గాల షెడ్డయిపోయింది. ఫోన్లు చూసుకునేవాళ్ళు తలలెత్తి మా వైపు తిరిగారు.

పిల్ల కూడా తల తిప్పింది. ఒక్క క్షణమే. తర్వాత గీత వదిలి రెండడుగులు ముందుకొచ్చి మోకాళ్ళు వంచి నిలబడింది. ఆ నిలబడటం నాకు తెలుసు.

ఒక బంతి గాల్లో వస్తే ఎగిరి పిడికిలితో కొట్టింది. ఇంకొకదాని మీద పడుకుని పొట్టకి హత్తుకుంది. ఇంకా పావుగంట ఉందనగా మనవాళ్ళు ఒక గోల్ కొట్టి సమం చేశారు. నేను మాత్రం కాలు కదపలేదు. లయ అనేది నా ఒంట్లో లేదు, స్కూల్లో ప్రార్థన గీతం కూడా శ్రుతి తప్పే పాడతాను. చేతులు బిగించి నిలబడ్డాను.

అప్పుడు పసుపుపచ్చ జాకెట్ తొడుక్కున్న వలంటీరు ఒకడు మెట్లెక్కి వచ్చాడు. కింది వరసలో పెద్ద పెద్ద అధికారులు కూర్చున్నారట, మా కాళ్ళ మోతకి వాళ్ళకి మాటలు వినపడటం లేదట. ఆపకపోతే అందరినీ బయటికి పంపిస్తానన్నాడు. చప్పుడు చెయ్యండని బుడగలిచ్చినవాళ్ళే, చప్పుడు చేస్తే పొమ్మంటున్నారు! నాకు ఒళ్ళు మండింది, కానీ పంపించేస్తే పిల్ల ఒంటరిదవుతుంది. సరేనని తలూపాను. కాళ్ళు ఒక్కొక్కటీ ఆగాయి.

ఆగిన రెండో నిమిషంలోనే మన గోల్‌పోస్టు ముందే మన పిల్ల ఒకతి బంతి కోసం పోయి అవతలి పిల్లని పడగొట్టింది. విజిల్. పెనాల్టీ.

ఆట అయిపోవడానికి మూడు నిమిషాలు కూడా లేవు. స్టేడియం మొత్తం సద్దుమణిగిపోయింది. అవతలి పిల్ల బంతిని చుక్క మీద పెట్టి వెనక్కి నడుస్తోంది. మా పిల్ల గీత మీద నిలబడి ఉంది. దాని మోకాళ్ళు మళ్ళీ నిటారుగా అయిపోయాయి. మా గ్యాలరీ వైపే చూస్తోంది. వలంటీరు నా ముందు నిలబడి, పెదాల మీద వేలు పెట్టి చూపించాడు. గమ్మునుండమని.

ఇరవై ఆరేళ్ళుగా విజిల్ మెళ్ళో వేసుకుని తిరిగినదాన్ని. ఒకరిని ఆగమంటే ఆగాలి, నన్ను ఆగమంటే నేనూ ఆగాలి అని నమ్మినదాన్ని. పిల్ల మొహం చూశాను. దాని చెవుల్లో ఇప్పుడు గుయ్‌మంటూ ఉంటుంది అనుకున్నాను. అంతే. వలంటీరుని పక్కకి నెట్టి, బూట్ల కాళ్ళతో రేకు మీద దబదబా తొక్కడం మొదలుపెట్టాను.

“ఊరందరిదీ ఒక దోవ, ఉలిపికట్టెదొక దోవ! అట్ల గాదమ్మా, ఇట్లా!” అని అరుస్తూ అవ్వ లేచింది. వీధి వీధంతా లేచింది. టక్, టకా. టక్, టకా. వలంటీరు వాకీటాకీలో ఏదో అరుస్తున్నాడు. నేను ఎంత ప్రయత్నించినా నా కాలు వాళ్ళ కాళ్ళతో కలవలేదు. కలవకపోయినా ఆపలేదు.

అవతలి పిల్ల పరుగెత్తుకొచ్చి తన్నింది. మా పిల్ల ఎడమవైపు దూకింది. వేళ్ళు తగిలాయి. బంతి స్తంభానికి కొట్టుకుని వెనక్కి వచ్చింది. అవతలి పిల్ల దాన్ని మళ్ళీ తన్నింది. పిల్ల నేల మీద నుంచి లేచి, అటు పక్కకి మళ్ళీ దూకింది. రెండోసారీ చెయ్యి తగిలింది కానీ ఆగలేదు. గోల్. ఎదుటి గ్యాలరీలో డోలు పిచ్చెక్కినట్టు మోగింది.

ఆఖరి విజిల్ మేం వినలేదు. అంతకు ముందే మమ్మల్ని బయటికి నడిపించేశారు. గేటు దగ్గర అతను నాడెలు తిరిగిచ్చేశాడు. అవ్వ వాటిని కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను, ఇంతమందిని బస్సెక్కించి పిల్లని ఓడించడానికి తీసుకొచ్చానా అని.

గంట తర్వాత జట్టు బస్సు దగ్గర కోచ్ నన్ను చూసి ఆగాడు. తిడతాడనుకుని తల దించుకున్నాను. “రెండుసార్లు దూకింది,” అన్నాడు. “వచ్చే నెల శిబిరానికి దాని పేరు రాసుకున్నాను.” అని బస్సెక్కాడు.

పిల్ల అవ్వని కౌగిలించుకుని, తర్వాత నా దగ్గరికొచ్చింది. మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి.

“మేడం, పెనాల్టీ అప్పుడు అందురి కాళ్ళూ మన ఈది మిషన్ల మాదిరే ఆడినాయి. ఒకటి మాత్రం యాడాడనో పడతా ఉండె. అది మీదే గదా?”

“నాదే,” అన్నాను. దొరికిపోయిన దొంగలా ఉంది నా గొంతు.

“దాంతోనే తెలిసె మేడం,” అంది, “మీరు గూడా లేసినారని.”