తిప్పితే తగ్గే దీపం

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను దీపాన్నే చక్కబెట్టబోయి, ఉన్న ఒక్క అద్దెగదీ పోగొట్టుకునేంత పని చేశాను. నవ్వితే నవ్వండి గానీ, మా ఆవిడకు మాత్రం చెప్పకండి.

అరవై తొమ్మిది నాటి మాట. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తాను. చిక్కడపల్లిలో నర్సింగరావుగారింట్లో ముందుగది నాది, పక్క హాలు వారిది, మధ్య ఒక తలుపు. గది ఇచ్చేటప్పుడే ఆయన షరతు పెట్టారు.

"కరెంటు కిరాయిలనే ఉన్నది. గని తొమ్మిదింటికి బల్బు బంద్. వైర్లకు చెయ్యి పెట్టినవా, ఆ దినమే గది ఖాళీ."

నెలరోజులు కాళ్లరిగేలా తిరిగితే దొరికిన గది. బుద్ధిగా తలూపాను.

ఊపిన తల ఊరుకుంటుందా? బొంబాయి నుంచి పోస్టులో పార్సిల్ తెప్పించాను. అందులో ఒక గుండ్రటి మీట, నాలుగు మరలు, ఒక బొమ్మల కాగితం. మీట తిప్పితే బల్బు వెలుగు తగ్గుతుందట! తొమ్మిది దాటాక బాగా తగ్గించి నవలలు చదువుకోవచ్చని నా ఎత్తు.

ఆదివారం ఇంటివాళ్లు గుడికి వెళ్లిన అదను చూసి, నారాయణగూడ నుంచి మిత్రుడు సుబ్బారావును పిలిపించాను.

"నీకు వైరింగ్ వచ్చట్రా?" అన్నాడు.

"ఫ్యూజు వేస్తుంటే చూశాను."

"చూస్తే వచ్చేస్తుందా?"

"సగం వచ్చినట్టే."

మెయిను ఆపి, గోడమీది చెక్కపట్టీ ఊడదీస్తే రెండు నల్లవైర్లు, కవలపిల్లల్లాగా. ఒకటి నా బల్బుది. రెండోది ఎవరిదని ఆలోచించే ఓపిక ఎవరికుంది? చేతికందినదాన్ని కత్తిరించి మీట బిగించేశాను.

పొద్దుగూకింది. ఇంటివాళ్లు వచ్చి హాల్లో దీపం వేసుకున్నారు. నేను ఊపిరి బిగబట్టి మీట తిప్పాను. నా బల్బు చెక్కుచెదరలేదు.

తలుపవతల నర్సింగరావుగారి గొంతు: "ఇగో, నా కండ్లు మసకలైతున్నయే."

మీట వెనక్కి తిప్పాను.

"ఆఁ, వచ్చినయ్."

వంటింట్లోంచి వచ్చిన వాళ్లావిడ, "అంత మంచిగనే ఉన్నది కద, ఏమైంది మీకు?" అని వెళ్లిపోయింది.

"మళ్ల పోయినయ్!"

"పెద్దాయనకు చూపు పోతున్నట్టుందిరా, పాపం," అన్నాను మీట తిప్పుతూనే.

"ఇలా ఇవ్వు, నేను తిప్పుతా," అని సుబ్బారావు అందుకున్నాడు.

అంతలో తలుపు తెరుచుకుంది. నర్సింగరావుగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"బాబూ, జర అశోక్‌నగర్ డాక్టర్ దాక నన్ను తీస్కపోతవా? ఒక నిమిషం కనిపిస్తది, ఒక నిమిషం కనపడ్తలేదు."

నేను చొక్కా కోసం చెయ్యి చాపాను. సుబ్బారావు మాత్రం మహోత్సాహంగా మీట చివరిదాకా తిప్పాడు. ఆయన వెనక హాలు చీకటైంది. నా గది దివ్యంగా వెలుగుతూనే ఉంది.

ఆయన హాలు చూశారు, నా బల్బు చూశారు, సుబ్బారావు చెయ్యి చూశారు.

"అది జర మళ్ల తిప్పు."

తిప్పాడు. హాలు వెలిగింది.

నాకు మంచం కింద ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. "గది ఖాళీ చెయ్యమంటారా అండీ?"

"ఎందుకయ్య," అన్నారాయన, చూపు దక్కిన సంతోషంతో నా మంచం మీద కూలబడి. "మంచి సామానే తెచ్చినవ్."

మర్నాడు ఆయన పిలిపించిన కరెంటు మిస్త్రీ వచ్చి పది నిమిషాల్లో అంతా సరిచేశాడు. మీట తిప్పితే ఇక నా బల్బే తగ్గేది, కాగితంలో చెప్పినట్టే. కాకపోతే మీట హాల్లో, నర్సింగరావుగారి పడక్కుర్చీ పక్కన ఉండేది.

ఆ రోజు నుంచీ సరిగ్గా తొమ్మిదికి నా చేతిలో నవల మెల్లమెల్లగా మసకబారేది. తలుపవతల నుంచి ప్రశ్న వచ్చేది.

"కనపడ్తున్నదా?"

"లేదండీ."

"అయితే పండుకో."

ఆ చీకట్లోనే, దుప్పటి సాక్షిగా ప్రమాణం చేశాను, ఈ జన్మలో వైరు ముట్టనని. ఇప్పటికీ మా ఇంట్లో బల్బు మార్చాలంటే మా ఆవిడే స్టూలెక్కుతుంది. కింద స్టూలు పట్టుకునేది నేను.